క్లిక్ చేస్తే మాట్లాడే బొమ్మ: ఇంటర్నెట్ కళలో స్త్రీ శరీరం



1996 నవంబర్‌లో బెంగళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగాయి. వాటిని వ్యతిరేకిస్తూ అనేక సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. చివరికి ఈత దుస్తుల పోటీని సెషెల్స్ దీవులకు తరలించారు. నిరసన తెలిపినవారందరి కారణం ఒకటి కాదు. మన సంస్కృతికి ఇది తగదన్నవారు కొందరు. స్త్రీ శరీరాన్ని అమ్మకపు సరుకుగా మార్చవద్దన్నవారు మరికొందరు. ఈ రెండో వాదనలోంచి పుట్టే ప్రశ్న ఈనాటి మన పాఠానికి ఆధారం. స్త్రీ శరీరం ఎలా ఉండాలో కొలత నిర్ణయించేది ఎవరు?

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే అమెరికాలో కొందరు కళాకారిణులు ఇదే ప్రశ్నను కంప్యూటర్ తెర మీదికి తెచ్చారు. వారేం చేశారో, ఎలా చేశారో చూద్దాం.

కొత్త పనిముట్టు

వరల్డ్ వైడ్ వెబ్‌ను టిమ్ బర్నర్స్-లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దానిని అందరికీ ఉచితంగా వదిలింది. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవలు 1995 ఆగస్టు 15న మొదలయ్యాయి.

సినిమాలో, పత్రికలో, గోడమీది ప్రకటనలో బొమ్మ ఉంటుంది. మనం దానిని చూస్తాం, అంతే. వెబ్ పేజీ అలా కాదు. చూసేవారు మౌస్ పట్టుకుని ఏదో ఒకటి ఎంచుకుంటేనే అది ముందుకు కదులుతుంది. చూసేవారి చేతికి పని కల్పించే ఇలాంటి కళనే ఇంటరాక్టివ్ కళ అంటారు.

శరీరాన్ని ఆర్డర్ చేస్తే?

కాలిఫోర్నియాలో పనిచేస్తున్న విక్టోరియా వెస్నా 1995లో ఒక ప్రశ్నావళిని వెబ్‌లో పెట్టింది. దానిని నింపి ఎవరైనా తమకు నచ్చిన ఊహాశరీరాన్ని ‘ఆర్డర్’ చేయవచ్చు. చాలామంది చేశారు. అంతటితో ఆగక, తాము కోరిన శరీరాన్ని చూపించమని కూడా అడిగారు! దానితో ఆమె 1996లో ‘బాడీస్ ఇన్‌కార్పొరేటెడ్’ అనే త్రిమితీయ రచనను తయారుచేసింది. అందులో స్త్రీ, పురుష భాగాలను ఇష్టం వచ్చినట్లు కలిపి, రబ్బరు, గాజు, లావా, చాక్లెట్ వంటి పదార్థాలతో ‘చర్మం’ వేయవచ్చు. అయితే లోపలికి వెళ్లాలంటే కంపెనీల భాషలో రాసిన షరతులకు ఒప్పుకోవాలి. శరీరం మనదే అనుకుంటాం, కాగితాలు మాత్రం కంపెనీవి. ఈ వ్యంగ్యమే ఆ రచనకు ప్రాణం.

అద్భుతాల గది

1997లో షెల్లీ జాక్సన్ అనే రచయిత్రి ‘మై బాడీ: ఎ వుండర్‌కామర్’ అనే రచనను వెబ్‌లో ఉంచింది. వుండర్‌కామర్ జర్మన్ మాట. పదహారు, పదిహేడు శతాబ్దాలలో యూరప్ సంపన్నులు శంఖాలు, శిలాజాలు, ఎముకలు, వింత వస్తువులు సేకరించి దాచుకున్న గదులకు ఆ పేరు. సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవారు ఇలాంటి గదిని సులభంగానే ఊహించుకోగలరు.

జాక్సన్ రచన తెరవగానే నల్లటి తెర మీద తెల్లని గీతలతో స్త్రీ శరీరం బొమ్మ కనిపిస్తుంది. ఏ భాగం మీద క్లిక్ చేస్తే ఆ భాగం గురించిన కథనం తెరుచుకుంటుంది. అది ఆ భాగం అందాన్ని వర్ణించదు. ఆ శరీరంతో ఒక అమ్మాయి ఎలా పెరిగిందో, దేనికి సిగ్గుపడిందో, దేనికి ఆశ్చర్యపోయిందో చెబుతుంది. నిజమైన జ్ఞాపకాలూ కల్పనా అందులో కలిసిపోయి ఉంటాయి. ఆ కథనంలోని మాటలే మళ్లీ మరో భాగానికి దారి చూపిస్తాయి. మొదలు, చివర అంటూ లేవు. పది మంది చదివితే పది దారులు.

ఇది ఎలా పనిచేస్తుంది? ఇందులో సైన్సు చాలా సులువు. మన కంటికి అది ఒకే బొమ్మ. కంప్యూటర్‌కు మాత్రం దాని వెంట ఒక అంకెల జాబితా ఉంటుంది. బొమ్మ పై ఎడమ మూల నుంచి అడ్డంగా ఎంత దూరం, కిందికి ఎంత దూరం అనే లెక్కతో ఒక్కొక్క ప్రాంతపు హద్దులు అందులో రాసి ఉంటాయి. గ్రాఫ్ కాగితం మీద మీరు బిందువులు గుర్తించే పద్ధతే ఇది. మీరు క్లిక్ చేసిన బిందువు ఏ హద్దులోకి వస్తుందో చూసి, బ్రౌజర్ ఆ పేజీని తెరుస్తుంది. దీనిని ఇమేజ్ మ్యాప్ అంటారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అందాల పోటీలోనూ శరీరానికి అంకెలు ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. అక్కడ అంకె తీర్పు చెబుతుంది. ఇక్కడి అంకె ఒక తలుపు తెరుస్తుంది, తలుపు వెనక ఉన్న మనిషి మాట్లాడుతుంది. ఈ తేడా అర్థమైతే ఈ పాఠం అర్థమైనట్లే.

బిందీ వెనక

భారతీయ మూలాలున్న అమెరికన్ కళాకారిణి ప్రేమా మూర్తి 1999లో ‘బిందీగర్ల్’ చేసింది. ఆసియా స్త్రీలను విచిత్ర వస్తువుల్లా చూపి డబ్బు చేసుకునే వెబ్‌సైట్ల రూపాన్నే ఆమె అనుకరించింది. కానీ చూడాలని వచ్చినవారికి శరీరం కనిపించవలసిన చోట బిందీలు అడ్డుగా నిలుస్తాయి. సంప్రదాయం, సాంకేతికత రెండూ స్త్రీని ఒక చట్రంలో బిగించగలవని ఆ రచన గుర్తుచేస్తుంది.

తరువాత ఏమైంది?

2014లో అమాలియా ఉల్మాన్ ఇన్‌స్టాగ్రామ్‌లో కొన్ని నెలలపాటు ఫొటోలు పెట్టింది. కొత్త నగరానికి వచ్చి, అందం కోసం శరీరాన్ని మార్చుకుంటున్న యువతి కథ అది. చూసినవారు నిజమని నమ్మి మెచ్చుకున్నారు, మందలించారు. చివరికి అదంతా నటన అని ఆమె ప్రకటించింది. 1997లో ఒక క్లిక్ కథను తెరిచింది. 2014 నాటికి ఆ క్లిక్ ‘లైక్’గా మారి, మళ్లీ మార్కులు వేయడం మొదలుపెట్టింది.

ఇది మీకు దూరపు సంగతి కాదు. రక్తహీనత గురించి పాఠం చెబుతున్న రోజుల్లోనే, లావవుతామన్న భయంతో మధ్యాహ్నం అన్నం మానేసే అమ్మాయిలను నేను చూశాను. చెప్పడానికి సిగ్గుపడే అబ్బాయిలనూ చూశాను. ఎవరో గీసిన కొలత వాళ్ల పళ్లెం దాకా వచ్చింది.

మీరు చేయండి

ఒక కాగితం మీద మీ శరీరపు రేఖాచిత్రం గీయండి. ఏ భాగం పక్కనా కొలత రాయవద్దు, అది ఏం చేసిందో రాయండి. మోకాలి మీది మచ్చ సైకిల్ నేర్చుకున్ననాటిదా? ఆ చేతులు ఎవరిని ఎత్తుకున్నాయి? ఆ పాదాలు రోజూ బడికి ఎంత దూరం నడిచాయి? ఇలా రాసిన కాగితాన్ని అద్దం పక్కన పెట్టి చూడండి. రెండింటిలో మిమ్మల్ని బాగా ఎరిగినది ఏదో మీరే చెప్పగలరు.