రైలు నోటీసుల పుట్టుపూర్వోత్తరములు

ప్రభుత్వము వారి మాట ప్రజల చెవిని పడుటకు మన పల్లెలలో టముకు ఒక్కటియే సాధనమై యుండిన దినములలో, శిస్తు గడువైనను, చెరువు మరమ్మతైనను, దొరగారి మకామైనను, వెట్టివాడు వీధి మొగలో నిలిచి నాలుగు దెబ్బలు కొట్టి చాటిపోవుటతో పని తీరిపోయెడిది. విన్నవాడు విననివానికి చెప్పుకొనెడివాడు. మరునాటికి అందులో సగము మారిపోయెడిది. మారినను కొంప మునిగినది లేదు. కాని పొగబండి వచ్చిన పిదప ఈ వాడుక చాలకపోయినది. ఏలయన, ఆ బండి ఒక ఊరిది కాదు, ఒక తాలూకాది కాదు. దానికై వేచియుండు జనులు ఒకరి నొకరు ఎరుగరు, ఒక్కొక్కప్పుడు ఒకరి భాష ఒకరికి తెలియదు. అది ఆగిన కొలది నిమిషములలోనే ఎక్కవలసినవారు ఎక్కి, దిగవలసినవారు దిగి, చేయరాని పని యేదియు చేయక మెలగవలెను. అట్టి గుంపునకు చాటి చెప్పుటకు ఏ వెట్టివాని గొంతు చాలును? అందుచేత నియమము నోటినుండి గోడమీదికి, గోడమీదనుండి పెట్టె తలుపు మీదికి, అచటినుండి ప్రయాణికుని జేబులోని టిక్కెట్టు మీదికి ఎక్కినది.

ఇట్టి ప్రకటనలకు పుట్టినిల్లు ప్రభుత్వ రాజపత్రము, అనగా గెజిటు. చెన్నరాజధానిలో 1832 నుండియు ఫోర్టు సెంటు జార్జి గెజిటు వెలువడుచుండెను. ఉద్యోగుల బదిలీలు, సెలవులు, వేలములు మొదలగు నీరసవిషయముల నడుమ, పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆంగ్ల ప్రభుత్వపు రాజపత్రములలో రెండు కొత్త జాతుల ప్రకటనలు వచ్చి చేరినవి: ఒకటి రైలు నిబంధనలు, రెండవది నూతన యంత్రకల్పనలను గూర్చినవి. పైకి ఈ రెంటికిని పొత్తు కానరాదు. మొదటిది సంతకు పోవు రైతును, తిరుపతికి పోవు ముసలమ్మను కూడ ఉద్దేశించినది. రెండవది ఇంజనీరులకును, పెట్టుబడి గల వర్తకులకును తప్ప ఒరులకు అక్కరలేనిది. అయినను నిదానించి చూచినచో రెండును నిషేధములే. నీవు ఈ పని చేయరాదని రైలు నోటీసు ప్రయాణికునితో చెప్పును. ఇతడు తప్ప ఇంకెవ్వరును ఈ వస్తువును చేయరాదని యంత్రపు నోటీసు లోకముతో చెప్పును. అంతియే కాదు, రైలు నిబంధనలలో ముఖ్యమైనవానిని కొన్నింటిని వెనుకకు త్రవ్వికొని పోయినచో అడుగున ఎవడో ఒక యంత్రకారుని చేతిపని బయటపడును. యంత్రము ముందు వచ్చును, దాని వెంట జుల్మానా వచ్చును.

బొంబాయి నుండి ఠాణాకు 1853 ఏప్రిల్ 16వ తేదీన తొలి ప్రయాణికుల బండి నడచినది. మరుసటి యేడే, 1854లో, రైళ్లకు మొదటి చట్టము పుట్టినది. దక్షిణదేశమున 1856 జులై 1వ తేదీన రాయపురము నుండి ఆర్కాటు దాపునగల వాలాజాకు బండి నడచెను. 1871 నాటికి మద్రాసు రైలుదారి కడప, గుత్తి సీమల మీదుగా రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసికొనెను. 1874లో నిజాము ప్రభువు దారి వాడి నుండి సికింద్రాబాదునకు వచ్చెను. గోదావరి, కృష్ణా కాలువలలో పడవలు హాయిగా నడచుచుండుట చేతనో యేమో, కోస్తా జిల్లాలకు మాత్రము రైలు ఆలస్యముగా వచ్చినది. రాజమహేంద్రవరము కడ గోదావరి మీద హేవలాకు వంతెన 1900లో గాని తెరువబడలేదు.

రాయపురమున తొలి బండి కూత కూసిన ఆ 1856వ సంవత్సరముననే, దానికి నాలుగు మాసముల ముందు, ఫిబ్రవరి 28వ తేదీన, కలకత్తాలో కొత్త యంత్రముల రక్షణకు హిందూదేశములోని మొట్టమొదటి చట్టము వెలువడినది. మార్చి 3వ తేదీన, అనగా చట్టము సిరా ఆరకముందే, కలకత్తా గ్రాంట్సు లేనులో 7వ నంబరు ఇంట నుండు జార్జి ఆల్ఫ్రెడు డిపెన్నింగు అను ఇంజనీరు ఒక అర్జీ పెట్టుకొనెను. ఏమి కనిపెట్టెను? ఆవిరి యంత్రమా? నూలు వడకు యంత్రమా? కాదు, పంకా లాగు యంత్రము! ఆ కాలపు దొరల బంగళాలలో ఇంటికప్పునకు పొడుగాటి చట్రము వ్రేలాడదీసి, దానికి గుడ్డ కుచ్చు కట్టి, త్రాటిని గోడ కంతగుండ వసారాలోనికి పోనిచ్చెడివారు. అచట ఒక బీదవాడు కూర్చుండి, పగలనక రేయనక, ఒక్కొక్కప్పుడు పరుండి కాలి బొటనవ్రేలికి త్రాడు తగిలించుకొని యైనను, లాగుచుండవలెను. వాడు కునికినచో లోపల దొరగారికి మెలకువ వచ్చును. ఈ కునికిపాటునకు మందుగా పుట్టినదే మన దేశపు తొలి యంత్రకల్పనా హక్కు. సెప్టెంబరులో ఆయన బొమ్మలతో సహా వివరపత్రము దాఖలు చేయగా, పదునాలుగేండ్ల వరకు అన్యులు దానిని చేయకుండ ఏకాధికారము దొరకినది. వసారాలోని బీదవాని కునికిపాటును గూర్చి ఏ చట్టమును పుట్టలేదు.

ఇందులో ఇంకొక వేడుక కలదు. ఇతరులకు హద్దులు గీయుటకు పుట్టిన ఆ చట్టము తానే హద్దు దాటినది. రాణిగారి అనుమతి ముందుగా పొందకుండ చేసినదని 1857లో దానిని రద్దు చేసి, 1859లో సవరించి మరల చేసిరి. మొదటి చట్టమున, అన్యదేశములో వాడుకలో నున్న యంత్రమును ఇచటికి తెచ్చినవాడును కల్పకుడే. రెండవ చట్టము అట్టివానిని ఆ పంక్తినుండి లేపివేసినది. ఇది మంచి సవరణ. పిదప 1888లో ఒక చట్టమును, 1911లో పేటెంటుల చట్టమును వచ్చి, కలకత్తాలో పేటెంటు కార్యాలయము వెలసినది. పదునాలుగేండ్ల గడువు 1930లో పదునారేండ్లయినది. ఈ ప్రకటనలన్నియు ఇంగ్లీషుననే నడచినవి. ఏ కమ్మరియో, ఏ వడ్రంగియో మేలైన ఏతమునో గానుగనో కల్పించి యుండినను, వానికి ఇట్టి హక్కు ఒకటి కలదని చాటి చెప్పిన టముకు ఏ యూరను మ్రోగలేదు.

రైలు నోటీసులకు మాత్రము దేశభాష తప్పనిసరియైనది. 1890వ సంవత్సరపు 9వ చట్టము ఈ విషయమున విచిత్రమైన గ్రంథము. స్టేషనులలో బండ్ల వేళలును, చార్జీల పట్టికయు జనులకు కనబడునట్టి చోట ఇంగ్లీషులోను ఆ సీమ భాషలోను అంటించి తీరవలెనని అది శాసించినది. కట్టకడపటి తరగతి టిక్కెట్టు మీది వ్రాత దేశభాషలోను, పై తరగతులది ఇంగ్లీషులోను ఉండవలెనన్నది. తరగతి భేదము బల్లలకును పరుపులకునే గాక లిపికి కూడ ప్రాకినది!

ఆ టిక్కెట్టు కథ కొంచెము చెప్పవలెను. ఇంగ్లాండులో తామసు ఎడ్మండ్సను అను నాతడు కుర్చీలు, బల్లలు చేయు వ్యాపారమున దివాలా తీసి, 1836 ప్రాంతమున న్యూకాసిలు-కార్లయిలు దారిలో ఒక చిన్న స్టేషనునకు మాస్టరుగా కుదిరెను. అప్పటికి టిక్కెట్టనగా గుమాస్తా చేతివ్రాతతో నింపి ఇచ్చు కాగితము. ఒక్కొక్కరికి వ్రాసి యిచ్చునంతలో బండి కూయును. ఎన్ని వ్రాసెనో, ఎంత జేబులో వేసికొనెనో గుమాస్తాకును దేవునికిని ఎరుక. ఎడ్మండ్సను గట్టి అట్టను రెండుంబావు అంగుళముల పొడవు, సుమారు ఒకటింబావు అంగుళము వెడల్పు గల బిళ్లలుగా కోయించి, ముందుగానే ఊరి పేరును వరుస నంబరును అచ్చొత్తించి, అమ్మునప్పుడు తేదీ గ్రుద్దుటకు ఒక చిన్న యంత్రమును కూర్చెను. సాయంకాలము మిగిలిన బిళ్లపై నంబరు చూచినచో ఎన్ని అమ్ముడైనవో తేలిపోవును. దొంగతనమునకు అది గొళ్లెము. ఈ పద్ధతిని వాడుకొన్న రైలు కంపెనీల వద్ద మైలు ఒక్కింటికి ఏటికి పది షిల్లింగుల చొప్పున పుచ్చుకొని ఆతడు తన దివాలాను తీర్చుకొనెను. ఆ అట్ట బిళ్లయే సముద్రము దాటి వచ్చి, కంప్యూటరు టిక్కెట్టు వచ్చువరకు మన కిటికీలలో టకటకమని తేదీ గ్రుద్దించుకొనినది. మోసబుద్ధితో టిక్కెట్టు లేక ఎక్కినవానికి నూరు రూపాయల వరకు జుల్మానా అని చట్టము వ్రాయగలిగినదన్నచో, ఆ నంబరు బిళ్ల వెనుక నుండుటచేతనే.

వేళల పట్టికకును ఇట్టి పూర్వకథయే కలదు. ఏ యూరి మధ్యాహ్నము ఆ యూరికి సూర్యుడు నెత్తిమీదికి వచ్చినప్పుడే. అట్లయినచో బండి వేళను ఏ యూరి గడియారముతో చెప్పవలెను? కలకత్తా గడియారమునకు అరగంటకు పైగా వెనుకను, బొంబాయి గడియారమునకు అరగంట ముందును నడచుచు నడుమ నున్న మద్రాసు వేధశాల సమయమును దేశములోని రైళ్లకెల్ల ప్రమాణముగా గైకొనిరి. తంతి మీద ఆ వేళ స్టేషను స్టేషనునకు పోయెడిది. 1906 జనవరి 1వ తేదీ నుండి ఇప్పటి భారత ప్రామాణిక సమయము వచ్చి, మద్రాసు గడియారము సుమారు తొమ్మిది నిమిషములు ముందుకు జరిగినది.

ఇక పెట్టెలోని నోటీసులలో అందరును ఎరిగినది గొలుసు నోటీసు. బండి నాపుటకు గొలుసు లాగవలెను, అకారణముగా లాగినచో ఏబది రూపాయల జుల్మానా అని ఆనాడు అందు వ్రాసియుండెడిది. నెలకు పది రూపాయలు సంపాదించు వానికి అది అయిదు నెలల బ్రతుకు. గొలుసు లాగినంతనే చక్రములను ఎవరో పట్టుకొందురని పిల్లలు భ్రమింతురు గాని జరుగునది వేరు. ఆనాటి బండ్లలో ఇంజను నుండి గార్డు పెట్టె వరకు ఒక గొట్టము సాగియుండెడిది. ఇంజనులోని పరికరము దానిలోని గాలిని సదా పీల్చివేయుచుండెడిది. ఆ గొట్టములోనికి ఎచటనైనను గాలి చొరబడినచో బ్రేకు దిమ్మలు చక్రములను నొక్కెడివి. గొలుసు లాగుట యనగా పెట్టె కొనన ఉన్న చిన్న మూతను తెరచి ఆ గాలికి దారి యిచ్చుటయే. అప్పుడు డ్రైవరు ముందున్న ముల్లు పడిపోయెడిది. ఆ పెట్టె వెలుపల ఒక బిళ్ల తిరిగి, లాగినది ఏ పెట్టెలోనో గార్డునకు పట్టియిచ్చెడిది. తిరిగి సరిచేయుట లోపలివారి వల్ల కాకపోయెడిది, గార్డు దిగివచ్చి వెలుపలనుండి చేయవలసియుండెడిది. తప్పించుకొనుటకు వీలులేని ఏర్పాటు! ఒంటి దారిలో రెండు బండ్లు ఎదురుపడకుండ స్టేషను మాస్టరు డ్రైవరుకు అందించు టోకెనును ఇట్టి యంత్రమే. దాని నియమములు ఉద్యోగుల పుస్తకములోనివి గనుక ప్రయాణికుల గోడలకు ఎక్కలేదు.

తోటివారి సమ్మతి లేక చుట్ట కాల్చినచో ఇరువది రూపాయలు, నడుచుచున్న బండి యెక్కినచో ఇరువది, ఆడువారి పెట్టెలో మగవాడు దూరినచో నూరు, కంచె గల దారిలోనికి పశువు వచ్చినచో తలకు అయిదు రూపాయలు అని 1890 నాటి చట్టపు పట్టిక సాగెను. నోటీసును చింపినను, అందలి అక్షరము చెరిపినను ఏబది రూపాయలట. నియమమును రక్షించుటకు మరియొక నియమము. మంచి మాటలును లేకపోలేదు. ప్రతి బండిలోను కడపటి తరగతిలో ఒక పెట్టెగది యైనను స్త్రీలకు విడిచియుంచవలెననియు, బండి ఏబది మైళ్లకు మించి పోవునదైనచో అట్టి గదియొకదానికి మరుగుదొడ్డి యుండవలెననియు 1890 నాడే వ్రాసిరి.

అయితే ఈ జుల్మానాల బరువు ఎల్లప్పుడును ప్రయాణికుని వైపే మొగ్గినది. ప్రతి గదిలోను ఎందరు కూర్చుండవచ్చునో ఆ సంఖ్యను కనబడునట్లు వ్రాయించుట కంపెనీ విధి. నిండిన గదిలోనికి ప్రయాణికుని బలవంతముగా నెట్టిన రైలు ఉద్యోగికి ఇరువది రూపాయల జుల్మానా. కాగితము మీద ఇంతకన్న న్యాయమేమి కావలెను? 1917లో మహాత్మా గాంధి బొంబాయి నుండి మద్రాసునకు మూడవ తరగతిలో వచ్చి, ఆ యనుభవమును ప్రకటించెను. ఇరువదిఇద్దరికని వ్రాసియున్న పెట్టెలో ప్రయాణపు అధికభాగము ముప్పదియైదుగురు ఉండిరట. కొందరు మురికిలో నేలపై పడియుండిరి, కొందరు నిలిచియే యుండిరి. రాయచూరు దాటిన తరువాత ఒత్తిడి భరింపరానిదైనదట. ఆ సంఖ్య మాత్రము గోడమీద చెక్కు చెదరక ఉండియే యుండును.

1890 నాటి చట్టము స్వరాజ్యము వచ్చిన పిదపను నలువదియేండ్లకు పైగా బ్రతికి, 1989లో చేయబడి 1990 జులై 1వ తేదీన అమలైన కొత్త చట్టమునకు చోటు విడిచినది. గొలుసు నోటీసులోని ఏబది రూపాయలు ఇప్పుడు వేయి రూపాయల వరకు జుల్మానా, లేదా ఏడాది వరకు కారాగారము, లేదా రెండును అయినవి. పాత చట్టములో ఎవ్వరును అంతగా గమనింపని వాక్యము ఒకటి యుండెను: రైలు నియమముల ప్రతి యొకటి ప్రతి స్టేషనులోను ఉంచి, అడిగినవానికి రుసుము లేకుండ చూపవలెను. ఆ మాట కొత్త చట్టములోను నిలిచియే యున్నది. పాఠకులలో ఓపిక గలవారెవరైనను ఈసారి బండి ఆలస్యమైనప్పుడు స్టేషను మాస్టరుగారిని ఆ పుస్తకము అడిగి చూడవచ్చును.