మరమగ్గం దగ్గర తలల లెక్క

మిషన్లో పడి వేళ్ళు పోయినవాడి గురించి మనవాళ్ళు అనే మాట ఒకటే: "వాడి తలరాత." దసరాకి అదే మిషన్‌కి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి దండం పెడతారు. పళ్ళచక్రానికి తొడుగు ఉందా అని అడిగేవాళ్ళు తక్కువ.

సూరత్ సంగతి చూడండి. తెలంగాణ నుంచి వెళ్ళిన నేత కుటుంబాలు లింబాయత్, నవాగామ్ వైపు దశాబ్దాలుగా బతుకుతున్నాయి. మరమగ్గంలో నాడె నిమిషానికి వందసార్లకు పైగా అటూ ఇటూ పరుగెడుతుంది. దాన్ని కొట్టే పట్టీ అరిగినా, నాడె పెట్టె వదులైనా అది దారి తప్పి బయటికి దూసుకొస్తుంది. ఎదురుగా కన్ను ఉంటే కన్ను పోతుంది. ఇందులో శనిగ్రహం చేసిందేమిటి? పట్టీ ఎందుకు మార్చలేదన్నదే ప్రశ్న.

రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి కనుక అంకెలు వరుసగా పెట్టి చూడడం నాకలవాటు. ప్రమాదకరమైన యంత్రాలకు కంచె వెయ్యాలని మన దేశంలో 1881 ఫ్యాక్టరీ చట్టమే చెప్పింది. అది దయతో వచ్చింది కాదు, మన మిల్లుల పోటీకి భయపడిన లాంకషైర్ మిల్లుదారుల ఒత్తిడీ దాని వెనుక ఉంది. అయితే 100 మంది పనిచేస్తేనే ఆ చట్టం వర్తిస్తుంది. 1891లో ఆ సంఖ్య 50 అయింది, 1922లో 20. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో, కరెంటుతో నడిచే చోట 10కి దిగింది.

దీనికి యజమానులు కనిపెట్టిన ఉపాయం సులువైనదే. ఒకే షెడ్డును కాగితం మీద ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో పదిమంది కన్నా తక్కువ చూపించడం. సూరత్ కార్మికుల మీద ఏళ్ళ తరబడి పరిశోధించిన డచ్ పండితుడు యాన్ బ్రెమన్ ఈ చట్టం ఎగవేత గురించి వివరంగా రాశారు.

1923 నష్టపరిహార చట్టం పట్టికలో ఒక కన్ను పోతే 40 శాతం, బొటనవేలు పోతే 30, చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతం సంపాదన శక్తి పోయినట్టు లెక్క. కానీ హాజరు పట్టీలో పేరే లేనివాడు అక్కడ పనిచేశానని ఎలా రుజువు చేస్తాడు?

2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పదిమంది ఉన్న చోట కొన్ని సాధారణ బాధ్యతలున్నా, కరెంటుతో నడిచేది "ఫ్యాక్టరీ" అనిపించుకోవాలంటే ఇప్పుడు మళ్ళీ 20 మంది కావాలి. అంటే 1922 నాటి అంకె దగ్గరికి తిరిగొచ్చాం.

నాడె తగలబోయే ముందు షెడ్డులో తలలు లెక్కపెట్టదు. నిమ్మకాయలు కట్టేవాళ్ళు కట్టుకోండి, కాని ముందు గార్డు బిగించండి. పనివాడి పేరు పట్టీలో రాయండి.