దానమే విషమైన వైనము

ఆంగ్లేయులు పుట్టినరోజునాడు ఆప్తుల చేతి కందించు ‘గిఫ్ట్’ను మనమును నేడు సొంతమాటవలె వాడుచున్నాము, కాని ఆ యక్షరములే జర్మనీలో ఒక సీసాపై కనబడినచో దానిని ముట్టరాదు, ఏలయన అచ్చట ‘గిఫ్ట్’ అనగా విషము. స్వీడనులో ఈ మాటకు విషమనియు, పెండ్లియైనవారనియు రెండర్థములు గలవు. అచ్చటివారు దానిని ‘యిఫ్ట్’ అని పలుకుదురు; పెండ్లి కానివారు ‘ఊయిఫ్ట్’.

వీని కన్నిటికిని మూలము జర్మానిక్ భాషలలో ‘ఇచ్చుట’ అను అర్థముగల ధాతువే. ‘పిల్ల నిచ్చినాము’ అన్నంతనే వియ్యమందినారని గ్రహించు తెలుగువారికి, ఇచ్చుటకును పెండ్లికిని గల చుట్టరికమును వేరుగ వివరింప నక్కరలేదు. ప్రాచీనాంగ్లమునందు సైతము ఈ మాటకు వధువుకై వరుడు చెల్లించు శుల్కము, మన పల్లెలలో ఓలి యనబడునదియే అర్థము. బహువచనమున అది వివాహమే. బహుమాన మను అర్థముతో నేటి ఇంగ్లీషు రూపము స్కాండినేవియనుల నార్సు భాషనుండి వచ్చినది.

విషార్థము వచ్చిన త్రోవ ఇంకను రమ్యమైనది. రోగి కిచ్చు ఔషధపు మోతాదును గ్రీకులు ‘దోసిస్’ అనిరి. ‘ఇచ్చుట’ యనియే దాని యర్థము, మన ‘దాన’, ‘దత్త’ శబ్దములకు అది సగోత్రము, నేడు వైద్యులు వ్రాయు ‘డోసు’ దాని సంతానమే. లాటిను వైద్యగ్రంథముల ద్వారా జర్మనులకు పరిచితమైన ఈ శబ్దమునకు సరియైన దేశీయపదముగా ‘గిఫ్ట్’ వాడుకకు వచ్చెననియు, నోట పలుక వెఱచు విషమును సౌమ్యముగా ‘ఇచ్చినది’ యని సూచింపసాగిరనియు పండితుల యభిప్రాయము. ‘వానికెవరో మందు పెట్టినారు’ అను తెలుగు పలుకుబడి యెఱిగినవారికి ఈ మార్గము సుబోధము. ఫ్రెంచివారి ‘ప్వాజోఁ’ శబ్దమును ‘పానము’ అను అర్థముగల లాటిను పదమునుండియే పుట్టినది.

1538లో స్విస్ వైద్యుడు పారసెల్సస్, సమస్తవస్తువులును విషములే యనియు, మోతాదు మాత్రమే దేనినైనను నిర్విషము చేయుననియు జర్మనులో వ్రాసినపుడు, ఈ ‘గిఫ్ట్’ను ఆ ‘దోసిస్’ను ఒక్క వాక్యమున కూర్చినాడు, వైద్యశాస్త్రమున అంత సార్థకమైన పదసంయోగమును నేనెఱుగను.

ప్రాతయర్థము జర్మనులో పూర్తిగా నశింపలేదు: వధువుతో పంపు కట్నమును నేటికిని ‘మిట్‌గిఫ్ట్’, అనగా ‘తోడనిచ్చినది’ అందురు, విషము నపుంసకలింగము, కట్నము స్త్రీలింగము. ఐస్లాండులో విషమునకు పూర్వకాలపు ‘ఎయ్తుర్’ శబ్దమే నిలిచియుండగా, ‘గిఫ్తా’ భాగ్యమను అర్థమున వెలయుచున్నది. జర్మనులో ఆ ప్రాచీనశబ్దమే ‘ఐటర్’. ఒకప్పుడు విషమని చెప్పిన యా మాటకు, ‘గిఫ్ట్’ దాని స్థానము నాక్రమించిన పిదప, చీము అను అర్థమొక్కటే మిగిలినది.