ఆరు వేల తూటాల పరీక్ష

మన బడిలో ఎన్.సి.సి. చేసినవారికి గుర్తుండే ఉంటుంది. ఫైరింగ్ అయ్యాక పుల్‌త్రూ తాడుకు గుడ్డ పీలిక కట్టి రైఫిల్ బ్యారెల్‌లోంచి లాగేవాళ్లం. పీలిక మసి లేకుండా వచ్చేదాకా మాస్టారు ఇంటికి పంపేవారు కాదు. అప్పట్లో విసుగొచ్చేది. దాని విలువ 1911 నాటి ఒక పరీక్ష గురించి చదివాక తెలిసింది.

ఆ ఏడాది మార్చిలో అమెరికా సైన్యం కొత్త పిస్తోలు కోసం కోల్ట్, సావేజ్ కంపెనీల నమూనాలకు పోటీ పెట్టింది. ఒక్కోదాన్ని 6,000 సార్లు పేల్చాలి. ప్రతి 100 తూటాలకు 5 నిమిషాలు చల్లారనివ్వాలి. ప్రతి 1,000కి శుభ్రం చేసి నూనె వేయాలి. సావేజ్ 37 సార్లు మొరాయించింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ ఒక్కసారి కూడా ఆగలేదు. మార్చి 29న సైన్యం దాన్నే స్వీకరించింది.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో స్లైడ్ వెనక్కి వెళ్లి, తిరిగి ముందుకొస్తూ మ్యాగజైన్‌లోని తూటాను ఛాంబర్‌లోకి నెడుతుంది. ఆ దారిలో మసి పేరుకున్నా, మ్యాగజైన్ అంచు వంగినా, స్ప్రింగు సడలినా తూటా ఇరుక్కుపోవచ్చు.

బ్రౌనింగ్ ప్రతిభ గొప్పదే. అయినా పరీక్ష పెట్టినవారు శుభ్రం చేయడాన్ని కూడా నిబంధనల్లో చేర్చారు. ఎంత మంచి యంత్రానికైనా సంరక్షణ తప్పదని వారికి తెలుసు. మాచేత మళ్లీ మళ్లీ పీలిక లాగించిన మా మాస్టారికీ తెలుసు.