అపరాధ పరిశోధనలో ఆడపిల్ల

నిరుడు వేసవిలో సంగంలో, మా అక్క యింట, పాత ‘చందమామ’ల కట్ట విప్పాను. ఏడో తరగతి చదువుతున్న మేనకోడలు ‘శిథిలాలయం’ ఏకబిగిన చదివి, “మామా, ఇట్టాంటి చోటికి ఆడపిల్ల ఒక్కతే ఎప్పుడు పోద్ది?” అని అడిగింది. పదేళ్లుగా సాహిత్యం బోధిస్తున్న నాకు ఆ ప్రశ్న ఏనాడూ తట్టలేదు.

1945లో ‘బాల’, 1947లో ‘చందమామ’ వెలువడ్డాయి. 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు రహస్యాన్నీ, సాహసాన్నీ పల్లెపల్లెకూ చేర్చాయి. ఆ మేలు చిన్నది కాదు. కాని వాటిలో కార్యభారం మోసేది ప్రధానంగా యువకులే. పెద్దల డిటెక్టివ్ నవలల్లోనూ అదే తంతు: కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌కు సహాయకుడు రాజు.

దీన్ని కేవలం రచయితల లోపమనుకుంటే పొరపాటు. పరిశోధకునికి మూడు హక్కులు కావాలి: అనుమానించే హక్కు, ఒంటరిగా బయటికి పోయే హక్కు, తన మాటను నలుగురూ నమ్మే హక్కు. ఈ మూడూ సంఘం ఆడపిల్లకు నిరాకరించినప్పుడు కథ మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది?

అమెరికాలో 1930లో నాన్సీ డ్రూ పుట్టింది. పదహారేళ్ల పిల్ల తన కారులో తిరిగి, దొంగల గుట్టు రట్టుచేసింది. ఆ స్వేచ్ఛకు ఆధారం లాయరు తండ్రి ఆస్తి. ఇంటిపనికి వేరే మనిషి ఉన్నది. ఆమెను అక్షరాల్లో నిలబెట్టిన మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్‌కు మాత్రం తొలి పుస్తకాలకు ముట్టింది తలకు 125 డాలర్లు. హక్కులు ప్రచురణ సిండికేటువి. అట్టమీద పేరు ‘కారొలిన్ కీన్’. 1980లో కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పాకగాని అసలు రచయిత్రి ఎవరో లోకానికి సరిగా తెలియలేదు. మన దాసరి పేరు కూడా ఆ ధారావాహికలమీద అచ్చుకాలేదు. పిల్లల వినోదం వెనక శ్రమ రెండుచోట్లా అనామకమే.

అంతమాత్రాన ఈ నవలలను బూర్జువా కాలక్షేపమని తోసిపుచ్చరాదు. ప్రశ్నించడం తప్పుకాదని అవి కొన్ని తరాల బాలికలకు చెప్పాయి.

మాకు ఉత్తరాన, కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా కేంద్రాల్లో ‘సీతమ్మ కథ’ చదివిన స్త్రీలు, తమ ఇంటి కూలిడబ్బు ఎక్కడికి పోతున్నదని అడిగారు. ఆ జాడ సారా దుకాణానికి చేరింది. వారు వెళ్లి దాన్ని నిలిపివేయించారు. ఉద్యమం జిల్లా దాటి వ్యాపించి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అనుమానం, ఆచూకీ, సాక్ష్యం: అన్నీ అక్కడున్నాయి. తెలుగు బాలల నవలకు ఇంతకంటె గట్టి నేల ఏది?

ఆ సాయంత్రం మేనకోడలు పెన్నా ఆనకట్టదాకా ఒక్కతే పోయివస్తానంది. అక్క వద్దంది. నేను పక్కనే కూర్చుని ఏమీ మాట్లాడలేదు. మన సాహిత్యంలో ఆ పిల్ల ఎందుకు లేదో వెతికే విమర్శకుడు ముందుగా ఆ మౌనాన్ని విచారించాలి.