రక్తం ద్వారా సోకే వ్యాధులు – స్పర్శ భయం

‘అంటువ్యాధి’ అనే మాట మనకు ఒక చిక్కు తెచ్చిపెట్టినది. అంటుట అనగా తాకుట. కనుక ఒకరి నుండి ఒకరికి సోకే ప్రతి జబ్బూ తాకితేనే వస్తుందని చాలామంది నమ్ముతారు. తరగతిలో బల్లమీద ఎండిన రక్తపు మరక కనిపిస్తే చాలు, ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి పిల్లలు జంకుతారు. ఈ భయం ఎంతవరకు నిజమో తెలియాలంటే కొంచెం వెనుకకు పోవాలి.

సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం త్రాగిన దోమ కడుపులో ఆ వ్యాధి పరాన్నజీవిని చూచినాడు. రోగి పక్కన కూర్చున్నందువల్ల రాని జబ్బు దోమకాటు వల్ల వస్తుందని ఆ తరువాత స్థిరపడినది. దోమ తొండం ప్రకృతి ఏర్పరచిన సూది వంటిది.

మనిషి చేసిన సూది కథ అంతకు ముందే మొదలైనది. 1883లో జర్మనీలోని బ్రెమెన్ నగరంలో ఓడలు కట్టే కార్మికులు 1289 మందికి మశూచి టీకా వేసినారు. ఆ టీకా రసం మనుషుల పొక్కుల నుండి తీసినది. కొద్ది నెలలలో 191 మందికి కామెర్లు వచ్చినవి. అదే కర్మాగారంలో ఉంటూ వేరే రసంతో టీకా వేయించుకున్నవారికి రాలేదు. లూర్మన్ అనే వైద్యుడు ఈ తేడాను గమనించి 1885లో ప్రకటించినాడు. ఒకే చోట పని చేసినందువల్ల జబ్బు రాలేదు, టీకా రసంతో వచ్చినది! ఇంత స్పష్టమైన సాక్ష్యాన్ని లోకం చాలాకాలం పట్టించుకోలేదు. 1942లో మనుషుల సీరం కలిపిన పసుపుజ్వరపు టీకా వల్ల సుమారు 50,000 మంది అమెరికా సైనికులు కామెర్లతో ఆసుపత్రుల పాలైనారు.

దోషి ఎవరో తేలడానికి బ్లంబర్గు పరిశోధనలు దారి చూపినవి. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరంలో ఆయన గుర్తించిన కొత్త పదార్థం హెపటైటిస్-బి వైరస్ పైపొరలోనిదని పిమ్మట తెలిసినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. ఈ వైరస్‌కు టీకా మన హైదరాబాదులోనే తయారైనది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, ఈస్టు కణాలలో వైరస్ పైపొర ప్రోటీనును పెంచి, 1997లో ఆ టీకాను విడుదల చేసినది. విదేశీ టీకా ధర అందుకోలేని సామాన్యులకు అది అందుబాటులోకి వచ్చినది.

ఇంతలో ఎయిడ్స్ వచ్చినది. మన దేశంలో హెచ్.ఐ.వి. 1986లో మద్రాసులో బయటపడినది. రోగి తాగిన గ్లాసు ముట్టరాదని, కూర్చున్న చోట కూర్చోరాదని జనం బెదిరినారు. అదే సంవత్సరం అమెరికాలో ఒక పరిశీలన వెలువడినది. 39 మంది రోగులతో ఒకే ఇంట్లో ఉంటూ, పళ్ళేలు, గ్లాసులు, మరుగుదొడ్డి పంచుకున్న 101 మందిని పరీక్షించినారు. ఒక్క బిడ్డలో మాత్రం వ్యాధి కనిపించినది; అది తల్లి నుండి పుట్టుకతో వచ్చినదని నిర్ణయించినారు. అంతెందుకు, హెచ్.ఐ.వి. ఉన్న రక్తంతో తడిసిన సూది గుచ్చుకున్నా, వెయ్యిసార్లలో సుమారు మూడుసార్లే సోకుతుంది. బల్ల తాకితే సోకుతుందా మరి!

హెపటైటిస్-బి మాత్రం మొండిది. టీకా లేనివానికి అటువంటి సూది గుచ్చుకుంటే నూటికి ముప్పైసార్ల వరకు సోకవచ్చు. ఎండిన రక్తంలో అది కనీసం ఏడు రోజులు బ్రతుకుతుంది. అయినను అది రక్తంలో చేరాలంటే గాయమో, కంటి లేక నోటి పొరో దారి ఇవ్వాలి. గాయం లేని చర్మం దానికి గోడ వంటిది. కాబట్టి మరిపెడ సంతలో పది మంది చేతులు మారిన నోటును చూచి బెదరనక్కరలేదు. పది గడ్డాలు గీసిన కత్తిని చూచి మాత్రం బెదరవలసినదే. క్షురకశాలలో ప్రతివారికి కొత్త బ్లేడు అడగడం, పచ్చబొట్టుకు, చెవులు కుట్టడానికి కొత్త సూది కోరడం అందుకే. ఈ వైరస్‌లు లైంగిక సంబంధం వల్ల, కాన్పులో తల్లి నుండి కూడా వస్తాయి.

హెచ్.ఐ.వి. ఉన్న పిల్లలను బడిలో చేర్చుకోని సంఘటనలు మన దేశంలో ఎన్నో జరిగినవి. 2017 నాటి చట్టం, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చి, దానిని నిషేధించినది. ఉపాధ్యాయునికి ఏ పిల్లవాని రక్తంలో ఏమున్నదో తెలియనక్కరలేదు. ముక్కు నుండి రక్తం కారితే చేతికి రబ్బరు తొడుగు వేసుకొని తుడవాలి. ఆ చోట ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది పాళ్ళ నీరు కలిపి పోయాలి. పది నిమిషాలు ఆగి కడగాలి. తరువాత పిల్లలు అదే బల్లమీద కూర్చొని చదువుకోవచ్చు.