డిప్రెషన్‌కి రక్తపరీక్ష

చెమటలో కార్టిసాల్ కొలిచి "నీకు డిప్రెషన్ ఉంది" అని చెప్పే వాచీ వస్తుందా అని మొన్న లంచ్‌లో వాదన. మావాళ్ళంతా వచ్చేస్తుందన్నారు. నేను ఒక పాత కథ చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నా.

ఒత్తిడి వేళ కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు వదిలే హార్మోను కార్టిసాల్. రక్తంలో అది ఎక్కువైతే మెదడు పసిగట్టి ఇక చాలంటుంది. మన భాషలో ఫీడ్‌బ్యాక్ లూప్ అన్నమాట. తీవ్రమైన డిప్రెషన్‌లో ఈ లూప్ సరిగ్గా పనిచెయ్యట్లేదని బెర్నార్డ్ కారల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1968లో రాశాడు. పరీక్ష సులువే. రాత్రి పదకొండింటికి 1 మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, మర్నాడు రక్తంలో కార్టిసాల్ చూడాలి. మామూలుగా అయితే తగ్గిపోతుంది. తగ్గలేదా, పాజిటివ్.

1981లో ఆయన బృందం లెక్కలు చెప్పింది: మెలంకోలియా అనే తీవ్రమైన రకం డిప్రెషన్ ఉన్న రోగుల్లో 67 శాతం మందికి పాజిటివ్, ఇతర మానసిక రోగుల్లో 96 శాతం మందికి నెగెటివ్. మనసు జబ్బుకీ ల్యాబ్ టెస్టు దొరికిందని అందరూ ఎగబడ్డారు.

తర్వాత బగ్గులు బయటపడ్డాయి. డిమెన్షియా, బాగా బరువు తగ్గడం, తాగుడు హఠాత్తుగా మానెయ్యడం, కొన్ని ఫిట్స్ మందులు... వీటికీ పాజిటివే వచ్చేది. పైగా లెక్క చూడండి. మన ఆఫీసులో వెయ్యి మందిలో 20 మందికి ఆ జబ్బుందనుకుందాం. అవే శాతాలు వేసినా పట్టుబడేది 13 మంది, ఊరికే పట్టుబడేది 39 మంది!

అదే పరీక్షని కుషింగ్స్ సిండ్రోమ్‌కి నేటికీ వాడతారు. అంటే టెస్టు చెడ్డది కాదు, దాన్ని అడిగిన ప్రశ్నే సరైంది కాదు.

2018లో స్టాన్‌ఫర్డ్‌వాళ్ళు చెమటలో కార్టిసాల్ కొలిచే ప్యాచ్ చేశారు. 2022లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్ళు డీఎన్‌ఏ పోగుల్ని ట్రాన్సిస్టర్ మీద అతికించి వాచీలోకే తెచ్చారు. ఇంజనీరుగా నాకు ఒళ్ళు పులకరించింది. కానీ కార్టిసాల్ రోజూ పొద్దున్న పెరిగి అర్ధరాత్రికి తగ్గుతుంది, గట్టిగా పరిగెత్తినా పెరుగుతుంది. సెన్సర్ ఎంత చిన్నదైనా, అంకె మాత్రం అదే అంకె.

పాజిటివ్ వచ్చిన ఆ 39 మంది పేర్లు మేనేజర్ల చేతిలో పడితే? అదొక భయం. నాకు అంతకంటే పెద్ద భయం మిగిలిన ఏడుగురి గురించి. నా స్నేహితుడొకడు నిద్రపట్టట్లేదంటే రక్తపరీక్షలు చేయించాం. అన్నీ నార్మల్. "నీకేం లేదురా" అని మేమే చెప్పాం. వాడు నమ్మి, సైకియాట్రిస్టు దగ్గరికి ఆర్నెల్లు ఆలస్యంగా వెళ్ళాడు.

వాచీ వస్తే నేనూ కొంటా. అది నార్మల్ అంటే మాత్రం వాణ్ణి ఇంకోసారి అడుగుతా.